రెపోకు ఏత్వం

చేతిలో టోకెన్ పద్నాలుగు, గోడ మీద ఎర్ర అంకె తొమ్మిది. పావుగంటగా తొమ్మిదే. ఆ తొమ్మిదో మనిషి లోపల కూర్చుని ఆస్తంతా రాసిస్తున్నాడో ఏమో అనుకుంది జ్ఞానాంబ, ఒళ్ళోని చీరల కొట్టు సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంటూ. ఏసీ సరిగ్గా నడినెత్తి మీద పోస్తోంది. జూన్ నెలలో, బయట తారురోడ్డుకు చెప్పులు అంటుకుపోతున్న తిరుపతిలో, మనిషికి ఇంత చలి ఊరికే ఎవడిస్తాడు? ఊరికే ఇచ్చేవాడు ఊరికే ఇవ్వడు. ఈ చల్లగాలికీ ఎక్కడో ఒక కాగితంలో చీమతలంత అక్షరాల్లో ఏదో రాసే ఉంటారు. మునిశేఖర్ అక్కడ సంతకం పెట్టే ఉంటాడు. వాడు పెట్టని చోటు ఎక్కడుంది? నాలుగేళ్ళ కిందట ఇంటి అప్పు తీసుకున్నప్పుడు నలభైమూడు సంతకాలు పెట్టాడు కొడుకు, పక్కనే కూర్చుని ఆమె లెక్కపెట్టింది, ఒక్కటీ చదివి పెట్టలేదు. మగపిల్లాడు, డిప్లొమా చదివినవాడు, నాయుడుపేట ఫ్యాక్టరీలో పదిమంది మీద సూపర్‌వైజరు. ఏడో తరగతి చదివిన తల్లి పెరుగు ప్యాకెట్ మీద తేదీ కూడా రెండుసార్లు చదువుతుంది.

ఆ కొడుకే ఈరోజు తెల్లారుజామున ఫ్యాక్టరీ బస్సెక్కుతూ మెట్టు మీదనుంచి వెనక్కి తిరిగి చెప్పాడు. "మా, పోయి మూడు సంతకాలు పెట్టేసి వచ్చేయి. నువ్వేం మాట్లాడొద్దు. నువ్వు మాట్లాడితే అయ్యే పని గూడా కాదు." మాట్లాడకూడదట. స్థలం మాత్రం ఆమె పేరున కావాలి, అప్పులో ఆమె పేరు కావాలి, వేలు కావాలి, సంతకం కావాలి, నోరొక్కటి అక్కర్లేదు. మొగుడు నారాయణ ఉన్నన్నాళ్ళూ ఇలాగే అనేవాడు, అని అని పోయాడు, పోతూ పోతూ వడమాలపేటలో పాలమ్మి కూడబెట్టిన డబ్బుతో తిరుచానూరు పక్కన రెండున్నర సెంట్లు ఆమె పేరున కొని పోయాడు. ఆ రెండున్నర సెంట్ల మీద లేచిన ఇల్లు ఇప్పుడు ఈ మేడమీది ఫైనాన్సు కంపెనీ బీరువాలో కాగితాలుగా పడుకుని ఉంది. తొమ్మిదిన్నర వడ్డీని ఎనిమిదింపావు చేస్తాం, మార్పిడి రుసుము ఆరువేల చిల్లర కట్టండి, శుక్రవారానికల్లా ఇద్దరి సంతకాలూ కావాలి అని ఫోన్ చేశారట. శుక్రవారమే ఎందుకో! శుక్రవారం పూట లక్ష్మిని ఎవరైనా గడప దాటిస్తారా? ఆ మాటంటే కోడలు మహిత నవ్వింది. అందుకే జ్ఞానాంబ గురువారం పొద్దుగూకకముందే డబ్బును గడప దాటించి కోడలి స్కూటర్ డిక్కీలో పెట్టి తాళం వేసింది. తర్వాత ఎవరైనా స్కూటర్‌నే ఎత్తుకుపోతే అనిపించి మూడుసార్లు లేచి చూసొచ్చింది. ఇదంతా ఎవడి కోసం? వడ్డీ తగ్గిస్తానని వడ్డీ తీసుకునేవాడే పిలుస్తున్నాడే, వాడి కోసం. పిల్లి పిలిచి ఎలుకకు పెరుగన్నం పెడతానంటే, ఎలుక కొడుకు ఎలుకతో చెప్పాడట, మాట్లాడకుండా పోయి తినేసి రా అని.

అంకె పది అయింది. గోడకున్న టీవీలో మొహానికి సున్నం కొట్టినట్టు పౌడరు వేసుకున్న పిల్లాడొకడు గంటలు మోగిస్తున్నట్టు అరుస్తున్నాడు, మరికొద్ది నిమిషాల్లో రిజర్వు బ్యాంకు నిర్ణయం అని. హాల్లో ఉన్న పదిహేనుమందిలో ఒక్కరూ తల ఎత్తలేదు. అందరికీ ఇళ్ళ అప్పులే, అందరి మెడలకూ ఆ తాడే, ఆ తాడు కొసను ఎక్కడో బొంబాయిలో ఎవరు పట్టుకుని ఉన్నారో చూద్దామన్న ధ్యాస ఒక్కరికీ లేదు. ఫోన్లలో వంటలు చూసుకుంటున్నారు. ఆ బొంబాయి సంగతి జ్ఞానాంబకు చెప్పింది కోడలి తమ్ముడు రూపేష్. వాడికి తెలియని విషయం ఈ భూమ్మీద లేదు, ఉద్యోగమొక్కటే లేదు. "బ్యాంకులకి గూడా అప్పు గావాలి గదా అత్తా. వాళ్ళకి రిజర్వు బ్యాంకు ఇస్తాది. ఆ ఇచ్చే వడ్డీనే రేటు. అది పెరిగితే మనకి పెరుగుతాది, అది తగ్గితే మనకి తగ్గుతాది." ఎంత సులువుగా చెప్పాడు! కాళ్ళు ఊపుకుంటూ, ఆమె చేసిన పునుగులు తింటూ. మండీలో టమాటా ధర పడిపోతే హోటలువాడు చట్నీ ధర తగ్గించినట్టే అన్నమాట. మదనపల్లెలో టమాటాను రోడ్డు మీద పారబోసిన రోజుల్లో కూడా బస్టాండు హోటల్లో దోసె ధర ఒక్క రూపాయి దిగింది లేదు. టమాటా కిలో నూరయిన రోజు మాత్రం పొద్దున్నే పలక మీద సుద్దముక్కతో కొత్త ధర రాసేశాడు, తడి కూడా ఆరలేదు.

శాతాల గురించి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళు పాలకేంద్రానికి పాలు పోసింది. శాతమంటే వెన్న శాతం, పాయింట్లంటే వెన్న పాయింట్లు, నాలుగు పాయింట్ రెండుకు ఒక ధర, నాలుగు పాయింట్ ఒకటికి ఒక ధర. ఆ ఒక్క పాయింట్‌లో ఎంతమంది ఎన్ని మేడలు కట్టారో వడమాలపేటలో ఎవరిని అడిగినా చెబుతారు. పాలకేంద్రం కుప్పయ్య పుస్తకంలో శాతం గడి ఖాళీగా వదిలిపెట్టి, ముందు సంతకం పెట్టించుకునేవాడు. "మిషను చూసి రాస్తా గదక్కా, నామీద నమ్మకం లేదా?" అనేవాడు. నమ్మకం ఉండేది, అదే రోగం. సాయంత్రానికి నాలుగు పాయింట్ రెండు కాస్తా మూడు పాయింట్ ఎనిమిది అయి కూర్చునేది. అదే గడ్డి, అదే చిట్టు, అదే ఆవు, మధ్యాహ్నం కునుకు తీసిన మాత్రాన ఆవు వెన్న తగ్గిస్తుందా? ఆరు నెలల తర్వాత ఒకరోజు ఆమె కేంద్రం గుమ్మంలో కూర్చుండిపోయింది, గడి నింపితేగానీ సంతకం పెట్టనని. వెనక ఇరవైమంది క్యాన్లతో నిలబడ్డారు, ఎండెక్కింది, పాలు విరుగుతాయని నారాయణ కసిరాడు. కుప్పయ్య గడి నింపాడు. ఆరోజునుంచి ఊళ్ళో ఆమెకు గడి జ్ఞానమ్మ అని పేరు. పేరు పెట్టినవాళ్ళంతా మర్నాటినుంచి వాళ్ళ గడులూ చూసుకున్నారు, అది వేరే సంగతి. డెయిరీవాడైనా అంతే, పాలపొడి ధర పడిపోయిందట అని తెల్లారేసరికి లీటరుకు రెండు రూపాయలు కోసేవాడు. పట్నంలో ప్యాకెట్ ధర మాత్రం అదే. పొడి ధర లేచినప్పుడు అడిగితే, చూద్దాం, పైనుంచి రావాలి అనేవాడు. కింద కొయ్యడానికి పైవాడి సెలవు అక్కర్లేదు, ఇవ్వడానికే పైనుంచి రావాలి.

నాలుగేళ్ళ కిందట వడ్డీ ఏడు. ఏడే కదా మా, ఇంత తక్కువ ఎప్పుడూ లేదంట, అని మునిశేఖర్ గంతులేశాడు. తక్కువున్నది ఎక్కువవక చస్తుందా అని ఆమె అంటే, అపశకునం మాటలొద్దన్నాడు. అది తేలే వడ్డీ అట, అటూ ఇటూ కదులుతుందట. నీళ్ళ మీద తేలేవి రెండే, ఒకటి బెండు, ఇంకొకటి పీనుగు. ఇది బెండని వాడనుకున్నాడు. ఏడాది తిరగకుండానే ఏడున్నర, ఎనిమిది, ఎనిమిదిన్నర, తొమ్మిది, తొమ్మిదిన్నర, బావిలో వానాకాలపు నీళ్ళలా మెట్టు తర్వాత మెట్టు మింగుతూ వచ్చింది. నెలకు కట్టేది మాత్రం తొమ్మిదివందలే పెంచారు. ఎంత దయ! ఆ దయ ఏమిటో ఉత్తరం వచ్చేదాకా తెలియలేదు. ఇరవై ఏళ్ళ అప్పు ముప్పైరెండేళ్ళు దాటింది. వాయిదా పెంచితే ఇల్లు అరుస్తుంది, ఏళ్ళు పెంచితే ఎవరు అరుస్తారు? ఏళ్ళు ఎవరికి కనపడతాయి? ఆమెకు కనపడతాయి. ముప్పైమూడో ఏట అప్పు తీసుకున్న మునిశేఖర్ అరవై ఆరో ఏట ఆఖరి వాయిదా కడతాడు. ఫ్యాక్టరీలో యాభై ఎనిమిదికే దండేసి పంపిస్తారు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు? నెత్తి నెరిసి, మోకాళ్ళు పట్టేసి, నాయుడుపేట బస్సు మెట్టును రెండు చేతులా పట్టుకుని ఎక్కుతున్న కొడుకు ఆమెకు రోజూ కనపడతాడు, పప్పు తిరగమోత పెడుతున్నప్పుడు కనపడతాడు, ఏ ఏటిఎం గుమ్మంలోనో కాపలా బట్టలు వేసుకుని స్టూలు మీద కునుకుతూ కనపడతాడు. అప్పటికి తను ఉండదు. స్థలం ఆమె పేరున ఉంది, ఆమె ఉండదు, వాయిదా తప్పుతుంది, తలుపు మీద నోటీసు అంటిస్తారు, మహిత పిల్లలిద్దరినీ తీసుకుని పుట్టింటికి పోతుంది, అక్కడ రూపేష్ ఉంటాడు, అప్పటికీ ఉద్యోగం లేకుండా. ఎంత చూడకూడదనుకున్నా ఇదంతా వరసగా కనపడుతుంది, ఎవరికైనా చెబితే నువ్వు ఊరుకో మా అంటారు.

ఆ ఉత్తరం ఇప్పుడు సంచిలో ఉంది. కొడుకు చించబోతుంటే లాక్కుని దాచింది. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు. తెలుగు పక్క ఆమెకు కంఠతా వచ్చు. రిజర్వు బ్యాంకు రెపో రేటును పెంచినందున మీ వడ్డీ రేటు సవరించబడినది. అందులో ఒక అచ్చుతప్పు ఉంది. రేపో అని ఉండవలసిన చోట ఏత్వం పడక రెపో అని పడింది. ఇంత పెద్ద కంపెనీ, గాజు తలుపులు, ఏసీలు, రేపో మాపో అన్న మాట సరిగ్గా అచ్చేయించుకోలేదు. ఉత్తరం వచ్చిన రోజే ఆమె కొడుకు బాల్‌పెన్నుతో ఆ అక్షరానికి తోక తగిలించి ఏత్వం చేసింది. మాట మాత్రం బాగా పెట్టారు, రేపో రేటు అని. రేపు ఎంతవుతుందో చెప్పలేని రేటు. అప్పిచ్చినవాడికే రేపటి సంగతి తెలియకపోతే తీసుకున్నవాడికేం తెలుస్తుంది?

అంకె పన్నెండు. టీవీలో కింద ఎర్ర పట్టీ పరుగెత్తింది. అర శాతం తగ్గింపు, యాభై పాయింట్లు, ఈ ఏడాదిలో ఇది మూడోసారి, గృహరుణ గ్రహీతలకు పండగే పండగ అని పిల్లాడు గొంతు చించుకున్నాడు. కౌంటరు వెనకనుంచి ఎవరో రిమోట్ తీసి గొంతు తగ్గించేశారు. జ్ఞానాంబ అది చూసింది. పెళ్ళివారి ఇంట్లో పాత బాకీ మాటొస్తే మేళగాళ్ళను వాయించమంటారు, వీళ్ళ ఇంట్లో మేళం ఆపేశారు. అర, దానికి ముందు పావు, దానికి ముందు పావు, మొత్తం ఒకటి. రిజర్వు బ్యాంకువాడు ఒకటి దించితే తన ఇంటి మీద తొమ్మిదిన్నర తొమ్మిదిన్నరగానే ఎందుకు కూర్చుని ఉంది? కొత్తగా వచ్చేవాళ్ళకు ఎనిమిదింపావట, మెట్ల దగ్గర బోర్డు పెట్టారు, పూలదండ వేసిన ఇల్లు, పళ్ళికిలించే మొగుడూ పెళ్ళామూ. అంటే పాతవాళ్ళు? తిరుపతి క్షవరమంటే ఇదే. నెత్తి మీద ఒక గీత గీకి కూర్చోబెట్టడం, ఇంకొకడిని పట్టుకుని వాడికొక గీత గీకడం. సగం గొరిగిన నెత్తితో ఎవడూ లేచిపోడని మంగలికి తెలుసు. ఆ మంగలైనా సగం మిగిలింది గొరగడానికి మళ్ళీ డబ్బులు అడగడు, వీళ్ళు ఆరువేలు అడుగుతున్నారు.

పద్నాలుగు. మోకాళ్ళు బిగుసుకుపోయాయి. లేచి పోయి కూర్చుంది. బల్ల అవతల మెడకు పట్టీ, పట్టీకి ఫోటో, ఫోటో కింద ధనశేఖర్ అని పేరు. ముప్పై ఏళ్ళుండవు. నుదుట సన్నగా నామం, పొద్దున్నే ఎవరో తల్లి పెట్టి పంపినట్టుంది.

"రామ్మా. మునిశేఖర్ వాళ్ళమ్మ గదా? సార్ నిన్ననే పెట్టేసినాడు. నువ్వు ఈడ, ఈడ, ఈడ పెట్టేస్తే అయిపాయ. బిన్నా పోవచ్చు, ఐదు నిమిషాల పని."

కాగితం తిప్పాడు. మూడు చోట్ల పెన్సిలుతో గుర్తులు. కొడుకు సంతకాలు అప్పటికే ఉన్నాయి, తోకలతో, తొందరతో. జ్ఞానాంబ కళ్ళజోడు పెట్టుకుంది. వడ్డీ గడిలో ఎనిమిదింపావు ఉంది. దాని పక్కన గడువు అని ఉన్న గడి తెల్లగా, కడిగిన పళ్ళెంలా ఉంది. మాట్లాడొద్దన్నాడు. మాట్లాడితే పని చెడుతుందన్నాడు. చెడితే తొమ్మిదిన్నరే ఉంటుంది, వాడు రాత్రికి అన్నం తినడు. మాట్లాడకపోతే అరవై ఆరు.

"ఈ గడి ఖాళీగా ఉండాదే నాయనా?"

"అది సిస్టం వేస్తాదిలే మా."

"సిస్టం వేసేదైతే సంతకం గూడా సిస్టాన్నే పెట్టమను."

వెనక పదిహేనో టోకెనతను, ఖాకీ చొక్కా ఆటో డ్రైవరు, పకపకా నవ్వాడు. "బాగా అడిగినావక్కా! మొన్న వచ్చినప్పుడు నా దాంట్లో గూడా ఖాళీగానే ఉండింది, నేను పెట్టేస్తిని." పెట్టేస్తిని అంటూ అంత సంతోషం!

ధనశేఖర్ పెన్నును బల్లకు కొడుతూ కూర్చున్నాడు. ఆమె ఇక ఆగలేదు. ఎటూ చెడింది. "ఇప్పుడే టీవీలో అర తగ్గిందన్నాడే, అది గూడా కలిపి రాసినావా ఇందులో?"

"అది వేరే మా. అది బ్యాంకులకి. మాది హౌసింగ్ ఫైనాన్సు, మా రేటు మేమే పెట్టుకుంటాం. దానికీ మాకూ సంబంధం లేదు."

సంబంధం లేదు. ఆ మాట కోసమే రెండేళ్ళుగా ఆ ఉత్తరం చీరల మడతల్లో పడుకుని ఉందని అప్పుడు తెలిసింది ఆమెకు. తీసి బల్ల మీద పరిచి, కొస వదలకుండా వేలితో అదిమిపట్టుకుని, తెలుగు పక్క తిప్పింది. అతను వంగి చదివాడు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగాడు. మూతి వంకర పోయింది. "ఇదేంది మా, పెన్నుతో ఎవరు దిద్దినారు?"

"నేనే. మీవాళ్ళకి దీర్ఘాలు రావు గదా."

"అయ్యో, అది రేపో కాదమ్మా!" నవ్వు ఆపుకోలేకపోయాడు. "రెపో. ఇంగ్లీషు మాట. రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పుకి పేరు." పక్క బల్ల పిల్ల కూడా నవ్వింది. ఆటో డ్రైవరైతే తొడ చరిచాడు. జ్ఞానాంబ చెవులు కాలిపోయాయి. ఆ చలిలో కూడా మెడ వెనక చెమట. రెండేళ్ళు! ఎంతమందికి చెప్పింది, రేపో రేటు రేపో రేటు అని, పూలమ్మికి, ఎదురింటి రేవతికి, ఆఖరికి రూపేష్‌కి కూడా. వాడు దిద్దను కూడా దిద్దలేదు, పునుగు నోట్లో ఉండిందేమో. ఏడో తరగతి, గడి జ్ఞానమ్మ, మాట్లాడొద్దంటే మాట్లాడింది. లేచి పోదామా అనిపించింది. కానీ ఉత్తరం కొస మీద వేలు ఉంది, ఆ వేలు లేవలేదు.

"సరే, రెపోనే. పెంచేటప్పుడు ఈ రెపోతో మీకు సంబంధం ఉన్నింది, ఈడ రాసినారు. తగ్గేటప్పుడు ఆ చుట్టరికం యాడికి పాయ?"

నవ్వు ఆగింది. పక్క బల్ల పిల్ల తన కంప్యూటరులోకి తల దూర్చింది. ధనశేఖర్ ఉత్తరం తీసుకోబోతే ఆమె ఇవ్వలేదు. "ఫోటో తీసుకో. కాగితం నా చేతిలోంచి పోదు." అతను ఫోన్‌తో ఫోటో తీసుకుని గాజు గదిలోకి పోయాడు. లోపల లావాటి మనిషొకడు ఫోన్ చూసి, గాజులోంచి ఆమెను చూసి, మళ్ళీ ఫోన్ చూశాడు. చూడనీ. కుప్పయ్య కూడా అలాగే చూశాడు. వెనకనుంచి ఆటో డ్రైవరు గొంతు తగ్గించి అడిగాడు. "అక్కా, నాకు గూడా ఈ ఉత్తరం వచ్చినట్టుంది. పారేసినానే, ఇప్పుడెట్ట?" పారేసేవాళ్ళకు ఏం చెప్తారు?

ధనశేఖర్ తిరిగొచ్చి, కీబోర్డు మీద కాసేపు కొట్టి, ఖాళీ గడిలో పెన్నుతో రాశాడు. రెండువందల నలభై నాలుగు నెలలు. పన్నెండుతో భాగించడానికి ఆమెకు వేళ్ళు చాలు. ఇరవై ఏళ్ళు, పైన నాలుగు నెలలు. ముప్పై ఏడూ ఇరవై, యాభై ఏడు. దండేసి పంపడానికి ఏడాది ముందే. బస్సు మెట్టు మీద నెరిసిన తలకాయ నల్లబడింది, ఏటిఎం దగ్గర స్టూలు ఖాళీ అయింది. ఒక్క గడి నింపితే ఎనిమిదేళ్ళు పైన. ఆ గడి నింపకుండానే కొడుకు మూడు సంతకాలు పెట్టేశాడు, వాడు సూపర్‌వైజరు!

"మరి ఇవాళ తగ్గిన అర?"

"అది మా కమిటీ కూర్చోవాల మా. పైనుంచి రావాల. రేపో మాపో తగ్గుతాదిలే."

అనేశాక అతనికే వినపడింది. ఆటో డ్రైవరు ఈసారి నవ్వలేదు, "అదీ మాట" అన్నాడంతే.

"రాసియ్యి," అంది జ్ఞానాంబ.

ఆమెకిచ్చే నకలు అడుగున అతను విసురుగా రాశాడు, రెపో తగ్గింపు కమిటీ నిర్ణయం తర్వాత వర్తించును అని. ముద్ర కొట్టాడు. అప్పుడామె సంతకాలు పెట్టింది, నింపాదిగా, తొందర లేకుండా, పేరులోని ప్రతి అక్షరమూ విడివిడిగా. శుక్రవారమని ఒక్క క్షణం ఆగి, గురువారమే గడప దాటిన డబ్బు కదా అనుకుని, ఆరువేల చిల్లరా లెక్కపెట్టి ఇచ్చింది. పెన్ను ఇంకా ఆమె చేతిలోనే ఉంది. నకలు దగ్గరికి తీసుకుని అతను రాసిన వాక్యం మరోసారి చదివింది. మొదటి అక్షరం మీద పెన్ను ఆనించి, ఈసారి తెలిసే, ఒక తోక తగిలించింది. పెన్ను మూతపెట్టి అతని ముందుంచింది. అతను చూసి, పదిహేనో అంకె నొక్కాడు.

మెట్లు దిగుతుంటే ఎండ మొహాన కొట్టింది. సంచిలో ఫోన్ మోగింది. నాయుడుపేటలో టీ గంట అయినట్టుంది. "మా, అయిపాయనా? నువ్వేం మాట్లాడలేదు గదా?"

"నేనేం మాట్లాడతా నాయనా," అంది జ్ఞానాంబ, సంచి మూతి బిగించి పట్టుకుంటూ. "ఒక అక్షరం తప్పుంటే దిద్దినా."